ఉజ్వల తేని మందు

నా కూతురు ఉజ్వల మందు తెస్తోందని నరసరావుపేట పురుగుమందుల బజారంతా చాటింది నేనే. మరి చాటనా? బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలిన దగ్గర్నుంచి మా ఆయన పాండురంగారావుకు మాట పడిపోయింది. మా కొట్టుకి రైతులు తెగులు పట్టిన మిరప కొమ్మ తెచ్చి చూపిస్తే ఏం కొట్టాలో ఠక్కున చెప్పే మనిషి, ఆ కొమ్మ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఉజ్వలేమో హైదరాబాదులో సరిగ్గా దాని మీదే పరిశోధన చేస్తోంది. దెబ్బతిన్న మెదడులో కొత్త కణాలు పుట్టించే ప్రోటీన్లట, ముందు ఎలుకలకిచ్చి చూస్తున్నారట.

తీరా చూస్తే ఉత్త చేతులతో దిగింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏందే, ఎలుకలకిచ్చే మందు కన్నతండ్రికి పనికిరాదా? మన కొట్లో అమ్మే గ్రోత్ టానిక్ లాంటిదేగా! ఓ డోసు ఎక్కువే వెయ్యి!"

"అమ్మా, ఆ ప్రోటీన్ ఇస్తే కొత్త కణాలు చానానే పుట్టినయ్. కానీ ఎక్కువభాగం పాతవాటితో కలవకుండానే చచ్చిపోయినయ్. రోజూ మెదడుకి పని పెట్టిన ఎలుకల్లోనే కాస్త నిలబడినయ్. మనుషులకి మంచిదో కాదో ఇంకా తెలీదు. తెలియంది నాన్నకి ఎక్కించను."

నేనెంత తిట్టినా అది మాట మార్చలేదు. డాక్టరును అడిగి, మర్నాడే తండ్రిని తీసుకెళ్ళి కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టింది. "కొమ్మలు నాన్నకే చూపించండి, తొందరపెట్టొద్దు" అని వచ్చిన ప్రతి రైతుకూ చెప్పింది. అది తిరిగి హైదరాబాదు వెళ్ళాక కూడా చాలా రోజులు నేను దానితో మాట్లాడలేదు.

మిరప పూతకొచ్చింది. నూజెండ్ల నుంచి కోటి అనే రైతు వచ్చి, బల్ల మీద కొమ్మ పెట్టాడు.

"బాబాయ్, పూత నిలవట్లా. ఆ గ్రోత్ టానికియ్యి, గట్టిగా కొడతా."

నేను డబ్బా తీయబోయాను. మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. కొమ్మను తిప్పి తిప్పి చూశాడు.

"వద్దు... కోటీ. ఆకే... పెరుగుద్ది. కాయ... రాదు."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. అమ్మే సరుకు ఎదురుగా ఉన్నా అక్కర్లేదంటే ఇవ్వని మొండిఘటం మా ఆయన. ఆ మనిషే తిరిగొచ్చాడు. కూతురిదీ అదే మొండితనం కదా అని అప్పుడు తట్టింది నాకు. వెంటనే ఫోన్ చేశాను.

అటువైపు ఉజ్వల వెక్కివెక్కి ఏడ్చింది. కాసేపటికి తేరుకుని, "మా ప్రోటీన్ వల్లే తగ్గిందని మాత్రం ఎవరికీ చెప్పమాకమ్మా" అంది.

"చెప్పనులేవే!"

కొట్టు దిగి బయల్దేరాను. నా కూతురు మందు తేలేదని ఆ పూట బజారంతా చాటింది కూడా నేనే.