ఆవిడ లాగిన బ్రేకు

మా కారుకి డ్రైవరు మా ఆవిడ, క్లీనరు నేను. పెళ్లైన కొత్తలో నాకూ నేర్పుతానని వెంటపడి వెంటపడి, చివరికి చేతులెత్తేసింది. నేను పక్క సీట్లో కూర్చుని "ఇటువైపు ఖాళీ, పోనీ" అంటూనే జీవితం వెళ్లదీశాను. ఆదివారం కారు కడగడం మాత్రం నా పని. ఆ పనిలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు.

మా వీధి ఏటవాలు. ఇంటి ముందు ఆపగానే ఆవిడ హ్యాండ్‌బ్రేకుని రెండు చేతులతో, పళ్లు బిగించి, కర్రుమని పైదాకా లాగేది.

"అంత గట్టిగా ఎందుకు? ఊడి చేతికొస్తుంది," అనేవాణ్ణి.

"జారితే మీరు పట్టుకుంటారా?" అనేది.

నేను దిగి గేటు తీసేవాణ్ణి.

పోయిన వానాకాలంలో ఒకరోజు బజారు నుంచి వచ్చి, అలాగే లాగి, తలనొప్పిగా ఉందని పడుకుంది. మళ్లీ లేవలేదు. అప్పట్నుంచి కారు కదల్లేదు. బ్రేకు ఆవిడ లాగినంత ఎత్తులోనే ఉండిపోయింది. దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. కారు అమ్మేద్దామని బావమరిది వస్తే, ముఖం మీదే తలుపేసినంత పని చేశాను. ఆదివారాలు మాత్రం పైపు పట్టుకుని చక్రాలదాకా కడుగుతూనే ఉన్నాను. ఆవిడ కోసం నాకు చేతనైంది అదొక్కటే.

ఇప్పుడు మురుగు కాలవకని వీధి తవ్వుతున్నారు. అందరూ బళ్లు తీసేశారు. సాయంత్రంలోగా తియ్యకపోతే క్రేనుతో ఈడ్చుకుపోతామని మేస్త్రీ చెప్పి వెళ్లాడు. ఇంత పాత కారు అలా పోయిందంటే నేరుగా తుక్కులోకే. గత్యంతరం లేక మెకానిక్‌ని పిలిచాను.

అతను వస్తూనే ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్‌బ్రేకు దించబోయాడు.

"ఆగవయ్యా. నేను దించుతాను," అన్నాను.

డ్రైవరు సీట్లో కూర్చోవడం అదే మొదలు. ఆవిడ పొట్టి. నా మోకాళ్లు స్టీరింగుకి గుద్దుకున్నాయి.

"సీటు వెనక్కి జరుపుకోండి సార్."

"ఫర్వాలేదు. ఇలాగే ఉండనీ."

లీవరు పట్టుకున్నాను. చివరనున్న మీట నొక్కితే చాలు, దిగుతుంది. నొక్కబుద్ధి కాలేదు. ఆవిడ మడతపెట్టిన బట్టలు నేనే విప్పి కట్టుకున్నాను. ఆవిడ నింపి ఉంచిన డబ్బాలు నేనే ఖాళీ చేశాను. ఆవిడ చేత్తో చేసి వదిలిన పని ఇదొక్కటే మిగిలింది. దీన్ని కూడా నేనే తీసేయాలి. ప్రాణం ఉసూరుమంది.

దించాను. లీవరు పడుకుంది. మెకానిక్ రాళ్లు కాస్త ఎడంగా జరిపి, వెనక్కొకసారి, ముందుకొకసారి నెట్టి చూశాడు. కారు ఉలకలేదు, పలకలేదు. వెనక చక్రాలు మొండికేశాయి. ఎందుకో నాకు లోలోపల సంతోషం వేసింది.

అతను జాకీ పెట్టి వెనక చక్రం ఊడదీశాడు. లోపల డ్రమ్ము తుప్పుతో ఎర్రగా ఉంది.

"నడపని బండిని ఎవరో తెగ కడిగారు సార్. నీళ్లు లోపలికి పోయి బ్రేకు షూలు డ్రమ్ముకి అతుక్కుపోయాయి. దాని మానాన దాన్ని వదిలేస్తే పోయేది."

ఆ ఎవరో ఎవరని అడుగుతాడేమోనని గేటు వైపు చూశాను. అతను సుత్తి అందుకున్నాడు.

డ్రమ్ము అంచు చుట్టూ కొడుతుంటే నేను ముఖం తిప్పుకున్నాను. ఠపేలుమని ఊడింది. రెండో చక్రమూ అంతే. తుప్పు గీకి, చక్రాలు బిగించి, కారు దించాడు.

"ఎక్కండి సార్. నేను రాళ్లు తీస్తాను, మీరు బ్రేకు తొక్కి పట్టుకోండి. మెల్లగా పక్క సందులోకి దింపేద్దాం."

కాళ్ల దగ్గర తొక్కేవి మూడున్నాయి. ఇన్నేళ్లు పక్కన కూర్చున్నవాణ్ణి, ఇందులో బ్రేకేదని అడగడానికి నామోషీ వేసింది. అందిందేదో తొక్కాను.

రాళ్లు తీశాడు. కారు కదిలింది. తవ్విన గొయ్యి ఎదురొస్తోంది. నేను ఇంకా గట్టిగా తొక్కుతున్నాను.

"సార్, అది క్లచ్. హ్యాండ్‌బ్రేకు, హ్యాండ్‌బ్రేకు!"

రెండు చేతులతో, పళ్లు బిగించి లాగాను. కర్రుమంది. కారు ఆగింది.

మెకానిక్ పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి తొంగి చూశాడు. లీవరు నిటారుగా నిలబడి ఉంది. నా చేతులు ఇంకా దాని మీదే ఉన్నాయి.

"అంత గట్టిగా ఎందుకు సార్? ఊడి చేతికొస్తుంది," అన్నాడు నవ్వుతూ.

ఈ కారులో ఆ మాట అనేది నేను. ఆవిడేమంటుందోనని అలవాటుగా పక్కకి తిరిగాను. పక్కనున్నది నా సీటే. ఖాళీగా ఉంది.

"జారితే నువ్వు పట్టుకుంటావా?" అన్నాను.