అమెరికాలో లేని రంధ్రం

చెన్నకేశవన్ ఉప్పుకాగితాన్ని వేలికి చుట్టి, టేకు ప్యాటర్న్ లోపలి మూలను మరోసారి రుద్దాడు. బొటనవేలితో తడిమి పెదవి విరిచాడు. మళ్ళీ రుద్దాడు. అరవై మూడేళ్ళ మనిషి. పొట్టి, ఎండిపోయిన ఒళ్ళు, దారంతో చెవులకు కట్టుకున్న కళ్ళద్దాలు, మోచేతుల దాకా టేకు పొడి. తమిళనాట పీళమేడులోని ఆ వర్క్‌షాపులో ముప్పై అయిదేళ్ళుగా ఇదే బల్ల, ఇదే పని. మిషనులోని ప్రతి ఇనుప భాగాన్నీ ముందు ఆయన కొయ్యలో చెక్కాలి; ఆ కొయ్య నమూనానే ప్యాటర్న్ అంటారు. ఫౌండ్రీలో ఆ కొయ్యను ఇసుకలో అద్ది, పడిన గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. కొయ్యలో ఏ తప్పుంటే ఇనుములోనూ ఆ తప్పే వస్తుంది.

బయట ఆ వీధిని చూస్తే ఆయనకు ఒళ్ళు మంట. ఏడు వర్క్‌షాపులు, ఏడింట్లోనూ ఒకే సరుకు. రంపం, లేతు, డ్రిల్లు, సానచక్రం అన్నీ ఒకే మోటారు మీద తిరిగే వడ్రంగి మిషను. ప్రతివాడి బోర్డు మీదా అరచేతి మందం అక్షరాలతో ‘ఒరిజినల్’ అని ఉంటుంది. ఒరిజినలట, మొహాలు చూడు! దాన్ని కనిపెట్టినవాడు ఎక్కడో అమెరికాలో ఎప్పుడో పోయాడు. వాడి పేటెంటు గడువు వీళ్ళ నాన్నలకు మీసాలు రాకముందే తీరిపోయింది. గడువు తీరిన దాన్ని ఎవడైనా చేసుకోవచ్చు, దొంగతనమేమీ కాదు. కానీ ఇది ఫలానావాడిది, మేం చూసి చేశాం అనడానికి వీళ్ళకు నోరు పెగలదు. నకలు కొట్టే నాయాళ్ళు అని ఆయన రోజుకు పదిసార్లు గొణుక్కునేవాడు. ఆ వీధిలో మొట్టమొదటి నకలు తన చేతిదేనన్న సంగతి మాత్రం అంతగా తలుచుకోడు.

అప్పట్లో వర్క్‌షాపు యజమాని, పెద్ద మొదలాళి, బోడినాయకనూరు కొండమీద ఒక ఎస్టేటు బంగళా వేలంలో పాత అమెరికా మిషను పాడుకుని తెచ్చాడు. ‘ఇట్లాంటిదే చేయి’ అన్నాడు. చెన్నకేశవన్ విప్పి, కొలిచి, వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కాడు. ఇరుసు తిరిగే తలభాగం పక్కన వేలు దూరేంత రంధ్రం ఒకటి కనిపించింది. ఎందుకో అర్థం కాలేదు. అమెరికావాడు ఊరికే పెడతాడా అనుకుని తనూ పెట్టాడు. ప్యాటర్న్ మీద చిన్న కొయ్య బుడిపె అంటిస్తే చాలు, ఇసుకలో అది చేసిన గుంటలో ఫౌండ్రీవాళ్ళు ఇసుక కడ్డీ నిలబెడతారు; కరిగిన ఇనుము అక్కడికి చేరక పోతలో రంధ్రం పడుతుంది. పక్క వర్క్‌షాపువాడు ఈ మిషనును చూసి రంధ్రంతో సహా దించేశాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. ఇప్పుడు ఆ రంధ్రం లేకపోతే తిరుమంగళం నుంచి వచ్చే వడ్రంగి కూడా ‘ఇది డూప్లికేట్’ అని మొహం తిప్పుకుని పోతాడు.

పన్నెండేళ్ళ కిందట మిషను బిగించడానికి మళ్ళీ ఆ కొండకే పోవలసి వచ్చింది. అక్కడ ఎస్టేటులో పనిచేసి మానేసిన ముసలి వడ్రంగి ఒకడు కలిస్తే రంధ్రం సంగతి అడిగాడు.

“ఆ తూటు బొక్కనా? లాంతరు తగిలించుకునేదానికి నేనేదా వేసినా,” అని బోసినోటితో నవ్వాడు.

ఆ నవ్వు సంగతి చెన్నకేశవన్ ఎవరికీ చెప్పలేదు, పెళ్ళాం పొన్నుత్తాయికి కూడా. నాలుగైదేళ్ళు వాడిన మిషన్లు ఆ రంధ్రం అంచు నుంచే చీలుతున్నాయని ఆయనకు అప్పటికే తెలుసు. మొదలాళి అడిగినప్పుడల్లా ఇనుము మంచిది కాదని చెప్పి తప్పించుకున్నాడు. వీధినంతా తిట్టిపోసే మనిషి తన తప్పు ఎలా ఒప్పుకుంటాడు!

ఈ రోజు ఆయన ఆఖరి పనిరోజు. చేతిలో ఉన్నది తలభాగానికి కొత్త ప్యాటర్న్. మూడు నెలలుగా భోజనం వేళల్లో చెక్కాడు. దీనికి బుడిపె లేదు. ఒక్కటంటే ఒక్కటి, సరైనది పోత పోయించి కళ్ళారా చూసుకోవాలి. ఆయన కోరుకున్నది ఇంతే.

పదకొండింటికి పెద్ద మొదలాళి కొడుకు గోకుల్‌నాథ్ కాగితాలు పట్టుకుని వచ్చాడు. మనిషి కంటే ముందు సెంటు వాసన వచ్చింది.

“కేశవన్ మామా, ఒక సంతకం కావల.”

“ఏంటికి తంబీ?”

“మన మిషనుకు పేటెంటు వేస్తుండాము.”

చెన్నకేశవన్‌కు నవ్వాగలేదు. “మన మిషనా? అమెరికావాడిది గదా!”

“అది ఎక్స్‌పైర్ అయిపోయినాది. దాంట్లో లేనిది మన దాంట్లో ఏముంటే అది మనది. ఆ గాలి తూటు ఉండాదే, అది యా పేటెంట్లోనూ లేదంట. వక్కీలు వెదికి చూసినాడు, రొంబ సంతోషపడినాడు. కనిపెట్టినవాళ్ళ పేరు కావలన్నాడు, మీ పేరే వేసినా. రిటైరయ్యే రోజు ఒక మర్యాద.”

కాగితం మీద నిజంగానే ఉంది. మోటారును చల్లబరిచే గాలి రంధ్రం, రూపకర్త చెన్నకేశవన్. మోటారేమో దానికి జానెడు కిందుంది. గాలి ఎవరికి, ఈగలకా?  చెన్నకేశవన్ కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ తగిలించుకున్నాడు.

“తంబీ, అది గాలి తూటు కాదు. ఎవురో ఒకడు లాంతరు తగిలించేదానికి వేసిన బొక్క. నేను తెలీక చెక్కినా. తప్పు నాది. మిషన్లు పగిలేది ఆడినుంచేదా.”

ముప్పై అయిదేళ్ళ పౌరుషం నాలుగు మాటల్లో నేలకూలింది. చెవులు కాలిపోతున్నాయి. తిడతాడని, తిడితే పడాలని నిలబడ్డాడు.

గోకుల్‌నాథ్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఇది ఇంకెవరికన్నా తెలుసునా?”

“వేసినవానికి తెలుసు. వాడు పోయినాడు.”

“సరి అయితే. అమెరికాలో లేదు గదా మామా? అది చాలు.”

ఛీ! ఏం జన్మో! పన్నెండేళ్ళు కడుపులో దాచుకున్న సిగ్గును తీసి ముందు పెడితే, వీడికది దొరికిన సొమ్ములా కనిపించింది. చెన్నకేశవన్ కొత్త ప్యాటర్న్‌ను బల్ల మీద ముందుకు జరిపాడు.

“ఇది తూటు లేనిది. ఒకటి పోయించండి.”

“ఎవరు కొంటారు మామా?”

“అమ్మొద్దు. నేను చూడల, అంతే.”

“సరి, పోయిస్తా. సంతకం పెట్టండి.”

ఆయన కలం అందుకున్నాడు. తనకు వచ్చిన తమిళ అక్షరాల్లోనే సంతకం పెట్టాడు. లాంతరు తగిలించే బొక్కకు తనే కర్తనని ఒప్పుకున్నాడు. వీధిలో అందరి మీదా ఉమ్మేసే మనిషికి ఆ క్షణాన తన మీదే ఉమ్మేసుకోవాలనిపించింది. అయినా సరైనది ఒకటి పుడుతుంది కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ప్యాటర్న్‌కు ఎర్ర లక్క పూసి, ఆరబెట్టి, మూడింటికి ఫౌండ్రీ వ్యానులో పెట్టించాడు. ఆఫీసులో రాతకోతలు చూసే మేనక చీటీ పుస్తకం పట్టుకొచ్చింది.

“మామా, మార్పు ఏమన్నా ఉంటే రాసి ఇచ్చేయండి.”

“ప్యాటర్న్ చూస్తే తెలీనివానికి చీటీ చూస్తే తెలుస్తుందా? అంతా ఇసుక తొక్కే ఎద్దులు! పో అమ్మా, పో.”

వీడ్కోలుకని మెడలో వేసిన దండను అక్కడే మేకుకు తగిలించి, ఎప్పటి బస్సులోనే ఇంటికి పోయాడు. పోత చూడటానికి గురువారం రమ్మన్నారని పొన్నుత్తాయికి చెప్పాడు. తలంటుకుని పోవాలన్నాడు. మర్నాడు ఆమె కాఫీ పెట్టి పిలిస్తే లేవలేదు.

కబురు పది గంటలకు ఫౌండ్రీకి చేరింది. కోదండరామన్ అక్కడ ముప్పై ఏళ్ళుగా చెన్నకేశవన్ ప్యాటర్న్‌లను ఇసుకలో అద్దుతున్న మనిషి. చెన్నకేశవన్ చేత ఒక్క మంచిమాట అనిపించుకున్నవాడు కాదు. తలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. తర్వాత వ్యానులో వచ్చిన ప్యాటర్న్ తీసుకుని, అలవాటుగా పక్కన తడిమాడు. చేతికి బుడిపె తగల్లేదు. తిప్పి చూశాడు, వెలుతురులోకి తెచ్చి చూశాడు.

“అయ్యో అణ్ణా, చూపు ఆనలేదే నీకు,” అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ మనిషి పనిలో ఒక్క తప్పు దొర్లినట్టు ఆయనకు తెలియదు. పోయిన రోజున, ఆఖరి పనిలో బుడిపె మరిచిపోయాడని నలుగురూ నవ్వుకుంటే ఎలా? కోదండరామన్ ఎవరితోనూ అనలేదు. పాత ప్యాటర్న్ దించి కొలత తీసుకున్నాడు. మూలకు పోయి టేకు ముక్క చెక్కి, నునుపు చేసి, ఉండవలసిన చోటనే అంటించాడు. కారిన జిగురును తువ్వాలు కొసతో తుడిచాడు.

ఇసుక పెట్టెల పక్కన అరమీద ఎర్ర లక్క ప్యాటర్న్, దాని పక్కటెముక మీద ఇంకా రంగు వేయని చిన్న టేకు బుడిపె, దాని మొదట్లో ఆరీ ఆరని జిగురు.