ఎడమవైపు మొదటి పేజీ

నేను ఒక ప్రార్థనల పుస్తకాన్ని. కుడి నుంచి ఎడమకు చదవాల్సిన హీబ్రూ పుస్తకాన్ని. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే నా బతుకులోని మంచీ చెడూ అంతా ఇక్కడే మొదలైంది. మీ తెలుగు పుస్తకాల్లో చివరి అట్ట ఉండే చోట నాకు మొదటి అట్ట ఉంటుంది.

బొంబాయిలో ఒక ఇరుకు సందులోని అచ్చుకూటంలో పుట్టాను. నన్ను మొదట కొనుక్కున్నది ఎజెకీల్ అనే రైల్వే గుమాస్తా. చేయి జారి నేను కింద పడితే కళ్లకద్దుకున్నంత భక్తిగా ఎత్తి ముద్దు పెట్టుకునేవాడు. యూదుల ఇళ్లలో అది ఆచారం. పడితే ముద్దు దొరుకుతుందని తెలిశాక నేను అప్పుడప్పుడూ కావాలనే జారేదాన్ని. ఆయన పోయాక ఇల్లు ఖాళీ చేసినవాళ్లకు నేనెవరో తెలియలేదు. గోనెసంచిలో పడి, ఊళ్లు మారి, చివరికి బెజవాడలో పాత పుస్తకాలమ్మే ఫుట్‌పాత్ మీద పోటీ పరీక్షల గైడుకూ, వంటల పుస్తకానికీ మధ్య తేలాను. అక్కడ ముద్దుల్లేవు. వానొస్తే టార్పాలిన్ కప్పేవాడు, అంతవరకు ఆ దుకాణదారు పుణ్యాత్ముడే.

అక్కడ నన్ను చూసినవాడు ఏలీయా. కృష్ణ కాలవ పక్కన ఒక పల్లెలో దర్జీ. దారాలూ గుండీలూ కొనడానికి వచ్చాడు. వాళ్ల పల్లెలో కొన్ని తెలుగు కుటుంబాలు యూదు ధర్మం పాటిస్తాయి. మాట్లాడేది తెలుగు, తినేది గోంగూర, శుక్రవారం పొద్దు వాలేసరికి దీపాలు వెలిగించి విశ్రాంతి దినాన్ని ఇంట్లోకి పిలుచుకుంటారు. నా అట్ట మీది ఆరు మూలల నక్షత్రం చూసి ఏలీయా అక్కడే కూలబడ్డాడు. నన్నెత్తి గుండెకు హత్తుకున్నాడు. దారాలు కొనడం మర్చిపోయి ఇంటికెళ్లి భార్య సిప్పోరమ్మ చేత చీవాట్లు తిన్నాడు.

ఏలీయాకు హీబ్రూ ఒక్క అక్షరం రాదు. అదృష్టం కొద్దీ ఆ ఏడే పైదేశం నుంచి ఒక పండితుడొచ్చి మందిరంలో కొన్ని వారాలున్నాడు. ఏలీయా నన్ను పట్టుకెళ్లి, తెలుగువాడు తెరిచినట్టే తెరిచి, మొదటి పేజీ అనుకున్నది చూపించి చదవమన్నాడు. ఆ పేజీయే ఇష్టం కాబోలనుకుని ఆయన చదివిపెట్టాడు. ఏలీయా చెవిమీది పెన్సిల్ తీసి ఆ పలుకును నా అంచుల్లో తెలుగులో రాసుకున్నాడు. నాలుగు పేజీలు పూర్తయ్యేసరికి పండితుడు వెళ్లిపోయాడు.

అలా ఆ ఇంట్లో ప్రతి శుక్రవారం ప్రార్థన నా చివరి పేజీలోని ముగింపు కీర్తనతో మొదలయ్యేది. అన్నీ అయిపోయాక అందరూ పాడుకుంటూ ఇంటికెళ్లే పాటను వీళ్లు దీపం పెట్టగానే పాడేవారు. నాకు నోరుంటే చెప్పేదాన్నేమో. వాళ్ల పాట వింటూంటే చెప్పాలనిపించేది కాదు.

కొన్నేళ్లకు మరో పండితుడొచ్చి విన్నాడు. చెడ్డవాడు కాదు, చిన్నగా నవ్వాడంతే. ఏలీయా తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం గుమ్మంలో నిలబడిన అతని కొడుకు నఫ్తాలి చూశాడు. పండితుడు వెళ్లాక సిప్పోరమ్మ కొంగు దులుపుకుని, "దేవుడికి ఎనకా ముందూ ఏందయ్యా? నువ్వు నేర్పావ్, నేను నేర్చుకున్నా. నేనైతే ఇట్టానే పాడతా," అంది. అట్టానే పాడింది. ఏలీయా పోయాక కూడా, పెన్సిల్ రాతల మీద వేలు పెట్టుకుంటూ.

ఈలోగా నేను ముసలిదాన్నయ్యాను. కుట్లు వదిలాయి, ప్రతి శుక్రవారం ఒక ముక్క రాలేది. నఫ్తాలికి గుంటూరులో ఉద్యోగం, కెజియాతో పెళ్లి అయ్యాయి. కాపురం మాత్రం పల్లెలోని పాత ఇంట్లోనే. ముందుగదిలో ఒక పుస్తకాల అలమర చేయించాడు. యూదుల ఆధ్యాత్మికత మీద మంచి పుస్తకాలు ఏరి ఏరి పెట్టాలని అతని పట్టుదల. తన నాన్న తల దించుకున్న ఇంట్లో ఇక ఎవరూ తల దించుకోకూడదు. అది అతను ఎవరికీ చెప్పలేదు కానీ, ఖాళీ అరల్ని రోజూ తుడుస్తుంటే చూసి నాకు తెలిసేది.

ఇంగ్లీషు పుస్తకాలు పెట్టెల్లో వచ్చాయి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు కదా, నన్ను కిటికీ మీదికి మార్చారు. నఫ్తాలి ఒక లావుపాటి పుస్తకం ఎత్తాడు. "ఇది మర్మాల గ్రంథం కెజియా. చానా లోతైంది."

"లోతు సరేనండీ, చేద ఏదీ?" అంది కెజియా.

ఏరే పద్ధతి చివరికి ఆమే కనిపెట్టింది. ఒక్కో పుస్తకంలో ఒక పేజీ తెలుగులో చెప్పుకుంటూ చదివేది. ఎదురుగా గోంగూర వలుస్తున్న అత్తగారి చెయ్యి ఆగితే ఆ పుస్తకం అలమరలోకి. ఆగకపోతే తిరిగి పెట్టెలోకి. మర్మాల గ్రంథానికి సగం కట్ట వలిచేసింది సిప్పోరమ్మ. విశ్రాంతి దినం గురించిన చిన్న పుస్తకానికి చెయ్యి ఆగింది. ప్రార్థన రాని గొర్రెల కాపరి ఈల వేసి దేవుణ్ణి పిలిచిన కథకు ఆకు అట్టానే పట్టుకుని, "ఇంకోసారి చదవ్వే," అంది. చదువుకున్నవాళ్ల సమీక్షలకంటే ఈ గోంగూర సమీక్ష నాకు నచ్చింది.

అన్నిటి చివర నఫ్తాలి కొత్త ప్రార్థనల పుస్తకం తీశాడు. తళతళలాడే కాగితం, పేజీ నిండా అక్షరాలు. దాన్ని నడిమి అరలో పెట్టి, "అమ్మా, పాతదాన్ని ఇక పాతిపెట్టాల. మందిరం పెద్దాయన కూడా అదే అన్నాడు," అన్నాడు. దేవుడి పేరున్న పుస్తకం చివికిపోతే చెత్తలో వేయరు, చింపరు. మనిషికి చేసినట్టే మట్టికి అప్పగిస్తారు.

"మీ నాన్నని పాతిపెట్టింది చాల్లేదా?" అంది సిప్పోరమ్మ.

"అది గౌరవమేనమ్మా."

"నాకు తెలవదా? మరి శుక్రవారం నేనేం చూసి పాడాల?"

"అమ్మా, అసలది మొదట పాడేది కాదుగా..."

ఆమె వలిచిన గోంగూర తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ శుక్రవారం దీపాలు పెట్టి, కొడుకు ఇచ్చిన కొత్త పుస్తకాన్ని బుద్ధిగా కుడివైపు నుంచి తెరిచింది. వేలు పెట్టడానికి అంచులో చోటు వెతికింది. పెదవి కదల్లేదు. కెజియా భర్త వంక చూసింది. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, ఇల్లు మాత్రం మూగదైపోయింది. నాన్న తల దించుకుంటే చూడలేకపోయిన పిల్లవాడు, తన చేత్తోనే అమ్మ నోరు మూయించాడు. ఆ సంగతి అతనికి అప్పుడే తెలిసింది, మొహం చూస్తే నాకు జాలేసింది.

ఆదివారం ఉదయమే పుస్తకాలమ్మే ఆయనకు ఫోన్ చేశాడు. "అచ్చు ఎట్టా ఉన్నా పర్లేదండీ. అంచులు వెడల్పుగా, ఖాళీగా ఉన్న ప్రార్థనల పుస్తకం కావాల." అందరూ అక్షరాల కోసం అడిగితే ఇతను ఖాళీ కోసం అడుగుతున్నాడేమిటని ఆయన తికమకపడి ఉంటాడు. పుస్తకం వచ్చింది. నఫ్తాలి నాన్న కుట్టుమిషను సొరుగులోంచి పెన్సిల్ ముక్క తీశాడు. నన్ను పక్కన పెట్టుకుని, కొత్తదాన్ని ఎడమవైపు నుంచి తెరిచాడు.

"అమ్మా, ఇక్కడ చెరిగిపోయింది. నాన్న ఏం రాశాడు?"

సిప్పోరమ్మ పాడి వినిపించింది. "ఇక్కడ ఆయన సాగదీసేవోడు. గీత పెట్టు నాయనా."

గీత పెట్టాడు. ఆ గీత మీద కన్నీటి చుక్క పడింది. తుడవబోతే వద్దంది తల్లి.

అప్పుడు గానీ ఆమె నన్ను వదల్లేదు. ఏలీయా కత్తిరింపుల్లో మిగిలిన పాప్లిన్ గుడ్డతో, అతని మిషను మీదే, నాకు సంచి కుట్టింది. కొత్త కుండ తెచ్చారు. అతని సమాధి పక్కనే గుంట తీశారు. కుండలో పెట్టబోతుంటే నఫ్తాలి చేతుల్లోంచి జారాను. ఎత్తి, దుమ్ము దులిపి, ముద్దు పెట్టుకున్నాడు. ఈసారి కావాలని జారానో లేదో చెప్పను.

సిప్పోరమ్మ పుస్తకం చూడకుండానే ఆ కీర్తన ఎత్తుకుంది. నఫ్తాలి గొంతు కలిపాడు, కెజియా కూడా. పాట అయ్యాక మందిరం పెద్దాయన కళ్లు ఒత్తుకుని, "ఇన్నేళ్లకి దాని చోట పాడావమ్మా, ముగింపులో," అన్నాడు.

"ముగింపు మీకు," అంది సిప్పోరమ్మ. "మా ఇంట్లో ఇదే మొదలు."

కుండ మీద మూత పెట్టారు. నన్ను ఎడమవైపు నుంచి తెరిచినవాడి పక్కన ఇప్పుడు పడుకున్నాను.