నిమ్మకాయ ముందు ఆగిన బండి

కోయంబత్తూరు సింగానల్లూరులో మా నాన్న రంగసామికి లేతు వర్క్‌షాపు ఉంది. అందులో గేటుకి ఎడమవైపు మూల ఖాళీగా ఉంటుంది. అక్కడ ఒక బల్ల వేసుకుని, ఆదివారాలు మా వీధి పిల్లలకు రోబోలు చేయడం నేర్పుతానని నాన్నను అడిగాను. మా ఇంట్లో కాలేజీ మొహం చూసింది నేనొక్కదాన్నే కాబట్టి నాన్న నా మాట వెంటనే కొట్టెయ్యలేదు. ఆలోచించి కొట్టేశాడు.

నేను వదల్లేదు. చివరికి నేను తయారుచేస్తున్న రోబో బండికి ఒక షరతు పెట్టాడు.

"నీ బొమ్మబండి గేటు నుంచి లేతు దాకా ఎవరి కాలికీ తగలకుండా రావాలి. విజయదశమి నాడు, అందరి ముందూ. వస్తే మూల నీది. రాకపోతే నోరు మూసుకుని బ్యాంకు పరీక్షకు చదువు."

కిట్టుగా కొన్నప్పుడు ఆ బండికి చక్రాలు, మోటార్లు తప్ప ఏమీ లేవు. స్విచ్చి వేస్తే గోడ తగిలేదాకా పోయేది, తగిలాక కూడా పోతూనే ఉండేది. గాంధీపురం బజారుకి వెళ్లినప్పుడల్లా ఒక్కో సెన్సారు తెచ్చి తగిలించాను. దారి చూపడానికి నేలమీద అంటించిన నల్ల టేపును పట్టుకోవడానికి అడుగున కొన్ని, ఎదురుగా ఉన్నదాని దూరం కొలవడానికి ముందు జంట కళ్లు. వీటికి పాత బ్యాటరీ చాలక ఇంకొకటి. ఆ బరువుకి బండి అడుగు పలక వంగితే దాని కింద ఇంకో పలక. ఏది అడ్డొచ్చినా ఆగి, బీప్ కొట్టి, చుట్టూ తిరిగి మళ్లీ టేపు మీదికి వచ్చేలా ప్రోగ్రాం రాశాను. స్టూలుతో, నాన్నమ్మ కాళ్లతో, పిల్లితో పరీక్షించాను. పిల్లి సహకరించలేదు.

ఆయుధపూజ నాడు లేతుకీ, డ్రిల్లింగ్ మిషనుకీ, స్పానర్లకీ బొట్లు పెడుతూ నాన్నమ్మ నా బండి రెండు కళ్లల్లోనూ నిండా గంధం మెత్తింది.

"కళ్లల్లో ఎందుకు పెట్టావ్ నాన్నమ్మా?"

"దీనికి నుదురెక్కడుందే?"

నిజమే, నుదురు బిగించలేదు. పూజలో పెట్టినవాటిని ఆ రోజు ముట్టుకోకూడదు. మర్నాడు పొద్దున్నే దూదిపుల్లతో గంధమంతా గీకి తీశాను.

పనివాళ్లంతా గేటు దగ్గర చేరారు. నేను స్విచ్చి వెయ్యబోతుంటే ఫోర్‌మన్ కందసామి మామ చక్రాల ముందు రెండు నిమ్మకాయలు పెట్టాడు. కొత్త బండి ఏదైనా నిమ్మకాయ తొక్కాకే కదలాలి. అది నా ప్రోగ్రాంలో లేదు.

బండి నిమ్మకాయల్ని చూసింది. ఆగింది. బీప్ కొట్టి పక్కకి తప్పుకోబోయింది.

"ఏమ్మా ఇంజినీరూ, నీ బండి నిమ్మకాయకి జడుసుకుందా?"

"అడ్డముంటే ఆగాలని నేర్పాను మామా."

"నా మోపెడ్‌కి నేనేమీ నేర్పలేదు. తొక్కేసింది."

"ఆ కళ్ల తీగ పీకెయ్" అన్నాడు నాన్న.

"పీకితే తర్వాత మామ కాలు కూడా తొక్కుతుంది నాన్నా."

అయినా పీకి చూశాను. చక్రం నిమ్మకాయ ఎక్కలేక కాసేపు తిరిగి, బండి పక్కకి పడిపోయింది. నిమ్మకాయకి ఏమీ కాలేదు.

"నిమ్మకాయ తొక్కని బండిని నా షెడ్డులోకి రానివ్వను" అని నాన్న లోపలికి తిరిగాడు. నాకు మూల పోయినట్టే అనిపించింది. తీగ మళ్లీ తగిలించాను.

"ఉండరా రంగా" అంది నాన్నమ్మ. "లారీ ఎంత, ఇదెంత? దీని ఒంటికి తగ్గది పెట్టాలి గానీ!" నైవేద్యం పళ్లెంలోంచి రెండు నల్ల ద్రాక్షపళ్లు తెచ్చి చక్రాల ముందు పెట్టింది.

"ద్రాక్షపండుతో దిష్టి పోతుందా పెద్దమ్మా?" అన్నాడు మామ.

"దీనికి తగిలే దిష్టి మాత్రం ఎంతట?"

లోపలికి వెళ్తున్న నాన్న ఆగి వెనక్కి తిరిగాడు.

ద్రాక్షపళ్లు కళ్లకి అందనంత కింద ఉన్నాయి. బండి ముందుకు కదిలింది. నాన్నమ్మ వంగి చూసి "చితికాయి" అని ప్రకటించింది. కందసామి మామ కావాలనే కాలు చాపాడు. బండి ఆగి, బీప్ కొట్టి, ఆయన చెప్పు చుట్టూ తిరిగి, టేపు పట్టుకుని లేతు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఎవరో చప్పట్లు కొట్టబోయి నాన్న మొహం చూసి మానేశారు.

నాన్న బండిని ఎత్తి, చక్రానికి అంటిన తొక్క తుడిచి, నా చేతికిచ్చాడు.

"మూల నీదే. బ్యాంకు పరీక్ష కూడా రాయి."

సరేనన్నాను. రాస్తున్నాను.