మాట వినని కుడికాలు

సెర్బియాలోని ఉజిత్సే ఊళ్లో, చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడే కోలో నాట్యం నేర్పే వుకోసవకు ఆ చలికాలం కుడికాలు ఈడ్చుకుపోవడం మొదలైంది. "పొద్దున్నే రాకియా సారా పట్టించావేంటే?" అని మొగుడు రాదిసావ్ ఎగతాళి చేసేవాడు. మెదడులో గడ్డేమోనని భయపడి ఆమె ఆసుపత్రికి వెళ్లింది.

స్కానింగ్ చూసిన డాక్టరమ్మ, "గడ్డ కాదమ్మా, పార్కిన్సన్స్. ఇంకా మొదట్లోనే ఉంది. మెదడులో కబుర్లు మోసే తెల్లటి పోగులు కొంచెం దెబ్బతిన్నాయి. కాలు మాట వినకపోవడంలో వాటి పాత్రా ఉంది. మందులతో చాలావరకు సర్దుకుంటుంది," అంది.

"మరి నాట్యం మానెయ్యాలా?"

"మానితేనే తిడతాను. ఆడేకొద్దీ మంచిది."

వుకోసవ అక్కడే భోరున ఏడ్చేసింది. గుండె మీది బరువంతా దిగిపోయింది.

బయట బెంచీ మీద గోళ్లు కొరుక్కుంటున్న రాదిసావ్ కంగారుగా లేచాడు. "ఏమందే?"

"బతికే ఉంటానంట. నీ ఖర్మ!" అని ఆమె నవ్వింది.

అతను ఆమెను గట్టిగా వాటేసుకున్నాడు.