చుట్టం నీళ్ళు

కుల్పేల్గ ఊరికి పంపు వచ్చింది జొన్నకోతలప్పుడు. ఇప్పుడు ఎండలు ముదిరిపోయాయి. అయినా దాని నీళ్ళ రుచి ఊళ్ళో ఎవరూ ఎరగరు. పిడికి గొలుసు, గొలుసుకు తాళం. డబ్బిచ్చిన దొరసానులు సముద్రం దాటి వచ్చి, రిబ్బను కత్తిరించి, మొదటి ధార పడుతుండగా ఫోటో దిగాలట. అంతదాకా దాన్ని ముట్టకూడదట. ఒకసారి వస్తామన్నారు, రాలేదు. ఇంకోసారి వస్తామన్నారు, అప్పుడూ రాలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

ఆ తాళం కంటబడితే చాలు, ఆయింపోక అవ్వకు ఒళ్ళు మండేది. మనవరాలు అసిబికి విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రి నర్సు ఉప్పూ చక్కెరా కలిసిన పొడి పొట్లాలిచ్చి, శుభ్రమైన నీళ్ళలో కలిపి పట్టమంది. శుభ్రమైన నీళ్ళేమో గొలుసు కింద ఉన్నాయి. కోడలు తలాటా కుంట నీళ్ళే కాచి పట్టింది. పిల్ల కాస్త తేరుకుని ఆటకు పోయింది, దాహమేసి ఆ కుంటలోనే దోసిలి పెట్టింది, మళ్ళీ చాపెక్కింది. ఈసారి కళ్ళు లోపలికి పోయాయి. ఎంతమందికని కాస్తారు? కట్టెలు దొరక్క ఇళ్ళల్లో జొన్న దంట్లతో వండుకుంటున్నారు.

ఊరిపెద్దతో మొరపెట్టుకుంటే ఆయన నీతులు చెప్పాడు. "పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడకూడదు. ఓపిక పట్టు."

ఓపిక పట్టడానికి పిల్లకు టైముండాలి కదా అనుకుంది అవ్వ.

మర్నాడు పొద్దున బోల్గా పట్నం నుంచి అవుని అనే అతను వచ్చాడు. పంపు వేయించిన సంస్థలో ఉద్యోగి. ఈ మట్టిలో పుట్టినవాడే. దొరసానుల స్వాగతానికని మోటారు సైకిలు మీద సంచీడు రిబ్బన్లు తెచ్చాడు. ఊరిపెద్ద ఇంటి ముందు పందిరి కింద ఊరంతా చేరింది.

అక్కడ చుట్టం గడప తొక్కితే ముందు నీళ్ళివ్వాలి. ఆయన తాగాకే క్షేమం అడగాలి, వచ్చిన పని అడగాలి. తాగనివాడు పగవాడి కిందే లెక్క. అందుకే అవుని వచ్చినప్పుడల్లా ఊరిపెద్ద సంతలో బోలెడు డబ్బు పోసి కొన్న ప్లాస్టిక్ పొట్లాల మంచినీళ్ళలో సజ్జపిండి కలిపించి ఇప్పించేవాడు. ఈసారి ఆ పని అవ్వ తన మీద వేసుకుంది. సొరకాయ చిప్ప నిండా నీళ్ళు తెచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మర్యాదగా రెండు చేతులా అందించింది. పిండి మాత్రం కలపలేదు.

అవుని చిప్పలోకి చూశాడు. ఎర్రటి నీళ్ళు. అందులో ఏదో సన్నగా మెలికలు తిరుగుతోంది.

"ఇవెక్కడివవ్వా?"

"కుంటవి. మా ఊళ్ళో ఇంకెక్కడుంటాయి నాయనా?"

"నాకు కడుపులో బాగాలేదు. తర్వాత తాగుతాలే."

"మా పిల్లలకీ అదే జబ్బు!" అంది వెనకనుంచి తలాటా. ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

అవుని ఆ ఆచారం తెలిసినవాడే. చిప్ప పెదాల దాకా తీసుకెళ్ళాడు. ఆగిపోయాడు.

"తాగలేనవ్వా."

"తాగలేవు. నా మనవరాలు తాగింది. నీదైతే కడుపు, దానిదేమన్నా కుంటా?" అంది అవ్వ.

"నా చేతుల్లో ఏముందవ్వా? మొదటి ధార వాళ్ళ కళ్ళముందు పడాలి. లేదంటే కోపాలొస్తాయి. మిగతా ఊళ్ళకు తవ్వాల్సినవి ఆగిపోతాయి. ఈ పంపు కూడా పీక్కుపోతారేమో."

"పీక్కుపొమ్మను! ఇనుము మీది. కన్నం మా నేలలోది, నీళ్ళు మా తాతలనాటివి. తవ్వేవాళ్ళకు రాళ్ళు మోసింది మేము, వండిపెట్టింది మేము. ఇంతకీ తాగమని ఇచ్చారా, చూసుకోమని ఇచ్చారా?"

"నోరు ముయ్యవే ముసలిదానా!" ఊరిపెద్ద కసిరాడు. "వచ్చిన చుట్టంతో ఆ మాటలేంటి?"

"నీళ్ళు తాగనివాడు చుట్టమెట్లా అవుతాడయ్యా? మీ నాయనుంటే ఇతనితో పలికేవాడా?" అని, అవ్వ మళ్ళీ అవుని వైపు తిరిగింది. "దొరసానులను రానీ. వాళ్ళకీ ఇదే చిప్ప, ఇవే నీళ్ళు. గటగటా తాగారంటే పాటా పాడతాం, ఆటా ఆడతాం."

ఊరిపెద్ద చూపు నిండుగా ఉన్న చిప్ప మీద పడింది. నీళ్ళు ముట్టనివాడితో తన తండ్రి పలికేవాడు కాదని ఆయనకు తెలుసు. మెల్లగా లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మగవాళ్ళంతా లేచారు.

అవుని చిప్ప కింద పెట్టి మోటారు సైకిలు వైపు నడిచాడు. అవ్వకు భయమేసింది. వీడిలా అలిగి పోతే మళ్ళీ ఎప్పుడొస్తాడు? అంతదాకా పిల్ల నిలుస్తుందా? పౌరుషానికి పోయి దాని నోటికాడి నీళ్ళు నేనే పోగొట్టానా? కాళ్ళు పట్టుకుని బతిమాలాలని ఒక్క క్షణం అనిపించింది. అయినా ఉన్నచోటినుంచి కదల్లేదు.

అవుని సీటు ఎత్తాడు. అడుగునున్న పంపు తాళంచెవి తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా పంపు దగ్గరికి పోయి గొలుసు విప్పాడు.

పంపు మొదట గాలి కక్కింది. తర్వాత తుప్పునీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పిడి మీద పడ్డారు. చివరికి తెల్లటి ధార పడింది. తలాటా పిల్లను ఎత్తుకొచ్చి, పొడి కలిపి గుక్కగుక్కగా పిల్ల నోట్లో పోసింది. అసిబి పెదాలు తడుపుకుని "ఇంకా" అంది. అవ్వ అప్పుడు ఏడ్చింది.

అప్పటికే పంపు చుట్టూ కుండలూ బకెట్లూ బారులు తీరాయి. అవుని చెమట తుడుచుకుంటూ వచ్చి చెయ్యి చాపాడు.

"అవ్వా, నాకూ ఓ గుక్క పొయ్యి. గొంతు ఎండిపోతోంది."

అవ్వ ముక్కు చీదుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

"వరసలో నిలబడు నాయనా. నీ దొరసానులకూ చెప్పు, సముద్రం దాటొచ్చినా ఇక్కడ వరసేనని."