బెనెదెక్ అందుకోని కత్తెర

ఇంకాస్త దగ్గరికి జరగవే మార్సెలీనా, ఆ దుప్పటి కాళ్ల మీదికి లాక్కో. మీ అమ్మకు పుట్టువెంట్రుకలు తీసిన రోజు సంగతి చెబుతాను.

బెనెదెక్ అని ఒకాయన ఉండేవాడు. సముద్రాలకు అవతల ఎక్కడో యుద్ధంలో ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని మన సరస్సు ఒడ్డుకు వచ్చిపడ్డాడు. మెడలో ఎప్పుడూ కెమెరా. నిలబెట్టి తీసే పెళ్లి ఫొటోలు కావు ఆయనవి. మేం బంగాళాదుంపలు తవ్వుతుంటే తీసేవాడు, ఉన్ని వడుకుతుంటే తీసేవాడు, చావింట్లో ఏడుస్తున్నా తీసేవాడు. ఊళ్లో అందరి ముఖాలూ ఆయనకు తెలుసు. ఆయన మాత్రం ఎవరికీ ఏమీ కాడు. పండుగనాడు కూడా ఒక్కడే వండుకుని ఒక్కడే తినేవాడు.

నాకు మనసొప్పలేదు. "ఆయన్నే మన కొంపాద్రేని చేసుకుందాం" అన్నాను మీ తాతతో. బిడ్డ తలమీద మొదటి కత్తెర వేసినవాడే కొంపాద్రే. ఇక చచ్చేదాకా ఇంటి మనిషే.

"ఆ కెమెరా దింపుతాడంటావా?" అని నవ్వాడు మీ తాత.

వెళ్లి, "మా పాపకు జుట్టు తీస్తున్నాం, మీరు తప్పకుండా రావాలి" అని పిలిచాం. అంతకన్నా విడమరచి చెప్పడం మాలో లేదు. ఆయనేమో ఫొటోల కోసం పిలిచామనుకున్నాడు.

అందరి ముందూ మీ తాత కత్తెర చాపాడు. "ఇందండి, పట్టండి."

"అలాగే ఉండండి! వెలుతురు బాగుంది" అన్నాడాయన, కెమెరా వెనక నుంచే.

"వెలుతురు ఎక్కడికీ పోదయ్యా, పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది" అంది మా అత్త.

"ఇంకొక్కటి!"

చాపిన చెయ్యి ఎంతసేపని అలా ఉంటుంది? వద్దంటున్నాడనుకున్నాం. చివరికి మా అన్న ఫౌస్తినో లేచి కత్తెర అందుకున్నాడు. మొదటి పాయ పళ్లెంలో పడింది.

ఆ కత్తెర ఎందుకు చాపామో రెండేళ్లకు ఇంకెవరో చెబితే ఆయనకు తెలిసింది. టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు తెలియలేదు సెరాఫీనా. ఇప్పుడు ఒక్క పాయ కత్తిరిస్తే కుదరదా?"

"మొదటిది ఒక్కటే కదయ్యా ఉంటుంది."

ఇంకో బిడ్డకైనా ఆయన చేత వేయిద్దామంటే నాకు మళ్లీ బిడ్డ పుట్టలేదు. లోపలికి పిలిచి వేడివేడి సూప్ పోశాను. పరాయివాడిలా ఒదిగి కూర్చుని తాగాడు, పరాయివాడిలాగే సెలవు తీసుకున్నాడు. ఆ ఏడు వానలకు ముందే ఊరు వదిలాడు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో.

ఆనాటి ఫొటో ఒకటి రాజధానిలో ఏదో పెద్ద గోడకు తగిలించారట. చూసేవాళ్ల వైపు కత్తెర చాపి ఉంటాడట మీ తాత. కత్తెరలు అమ్ముకునేవాడనుకుంటున్నారట జనం! నువ్వు అక్కడికి చదువుకు వెళ్తావుగా. ఆ గోడ దగ్గర ఎవరు నిలబడినా చెప్పు తల్లీ, ఆ చెయ్యి బెనెదెక్ కోసం చాపిందని. మరిచిపోకు. రేపు నీ పిల్లలకూ చెప్పు.